క్రిప్టో విపణియు స్వరాజ్యమును

అర్ధరాత్రి మేలుకొని, దీపము వెలిగింపకయే ఫోను తీసి, ధర చూచుకొను అలవాటు మన పట్టణములలోని మధ్యతరగతి యిండ్లలో ప్రవేశించినది. చూచువాడు వర్తకుడు గాడు. గుమాస్తా, ఉపాధ్యాయుడు, ఇంజనీరింగు చదువు ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచు యువకుడు, ఒక్కొక్కచోట పింఛనుదారుడు. వీరు కొన్నది పొలము గాదు, బంగారము గాదు, ఒక కంపెనీలో వాటాయు గాదు. క్రిప్టో కరెన్సీ యను పేర చెలామణియగు గణితనాణెము. ఈ వ్యాపారము మంచిదా, చెడ్డదా యను వాదము చాలకాలముగ జరుగుచున్నది, జరుగుగాక. మేము నేడు ప్రస్తావింపదలచినది వేఱు. ఈ విపణిలో అడుగిడినవాడు ధర నేలజాలడు. వార్తల నేలజాలడు. దూరదేశముల ప్రభువుల నోటిమాట నేలజాలడు. వాని పాలనకు లొంగదగినది తన మనస్సొక్కటియే. ఆ చిన్న రాజ్యమునైన వాడు నిలుపుకొనుచున్నాడా?

ఈ నాణెముల పుట్టుపూర్వోత్తరములు పెక్కురెఱిగినవే గాన సంగ్రహముగ చెప్పుదుము. 2008 అక్టోబరులో సతోషి నకమోటో యను మారుపేరున నొక వ్యాసము వెలువడెను. 2009 జనవరిలో బిట్‌కాయిన్ పుట్టెను. వాని సంఖ్య 2 కోట్ల 10 లక్షలకు మించరాదని పుట్టుకలోనే నియమము చేయబడినది. బ్యాంకులకును ప్రభుత్వములకును లోబడని ద్రవ్యమును నిర్మింపవలెనని దానిని మొదట చేపట్టినవారి సంకల్పము. స్వాతంత్ర్యము పేర పుట్టిన ద్రవ్యము లక్షలాది జనులను ధరల పట్టికకు బానిసలను గావించుట విపరీతముగ లేదా? 2017 డిసెంబరులో దాని ధర యించుమించు 20 వేల డాలర్లకు చేరి, ఏడాది తిరుగునంతలో 4 వేలకు దిగువకు పడినది. 2021 నవంబరులో 69 వేల డాలర్ల సమీపమునకు పోయి, మఱుసటి నవంబరునకు 16 వేల ప్రాంతమునకు దిగినది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటినది. ధర యెగుడుదిగుడులు మనకు క్రొత్త గావు. గుంటూరు మిరప యార్డునకు బస్తాలు తోలుకొనిపోవు రైతు వానిని బాగుగ నెఱుగును. ఐనను మిరప కంటికి కనబడు వస్తువు. ధర పడినపుడు కోల్డుస్టోరేజిలో దాచవచ్చును. తుదకు కూరలోనైన వేసికొనవచ్చును. ఈ నాణెమునకు, దానిని కొనగోరు మఱియొకని కోరిక తప్ప, అడుగున నిలుపు ఆధారమేదియు లేదు. కావుననే దీని ధర మనుష్యుల యాశాభయములకు అచ్చమైన ప్రతిబింబము. ఆ యద్దమును రేయింబవళ్లు చూచుచు కూర్చుండువాడు ఇతరుల యుద్రేకమును తన యుద్రేకముగ చేసికొనును.

దీనికి తోడు ఈ అంగడికి తలుపులు లేవు. బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజిలో సామాన్యముగ మధ్యాహ్నము 3.30 గంటలకు బేరములు ముగియును. శని, ఆదివారములు సెలవు. సూచీ మితిమీరి పడినచో కొంతసేపు బేరములు నిలిపివేయు నిబంధనయు గలదు. ఆ విరామములో మనుష్యుడు భోజనము చేయును, నిద్రించును, నలుగురితో మాటలాడును. అతని బుద్ధి తిరిగి తన స్థానమునకు వచ్చును. పూర్వులు చేసిన యీ యేర్పాటులో మనుష్యస్వభావమును గూర్చిన జ్ఞానమున్నది. క్రిప్టో విపణి సంక్రాంతినాడును తెఱచియుండును, ఇంటిలో పెండ్లి జరుగుచున్నను తెఱచియుండును. వెలుపలినుండి యెవ్వరును మూయరు గనుక మూయుభారము లోపలివానిదే యగుచున్నది. పేకాటశాలయైన తెల్లవారుజామునకు దీపములార్పును.

ఫలిత మెట్లున్నదో లెక్కలు చెప్పుచున్నవి. బేసల్ నగరమందలి బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ వారు 2015 మొదలు 2022 వరకు 95 దేశములలో ఈ వ్యాపారపు యాపులను దించుకొన్నవారిని గూర్చి పరిశోధించి, బిట్‌కాయిన్‌లో సొమ్ము పెట్టినవారిలో నూటికి 73 మొదలు 81 మంది వరకు నష్టపడియుందురని అంచనా వేసిరి. మఱియొక సంగతియు వారు కనుగొనిరి. ధర పెరుగుచున్నపుడు చిన్నవారు కొనుచుండగా, పెద్ద పెద్ద నిల్వలు గలవారు అమ్ముచుండిరి. మన దేశమున సెబీ వారు 2024 సెప్టెంబరులో ప్రకటించిన నివేదిక క్రిప్టోను గూర్చినది గాదు. వాటాల ఫ్యూచర్సు, ఆప్షన్ల బేరములను గూర్చినది. అయినను ఆడువారి స్వభావ మొక్కటే గావున దానిని ఇచట స్మరించుట అసందర్భము గాదు. 2021 ఏప్రిల్ మొదలు మూడు ఆర్థిక సంవత్సరములలో వ్యక్తిగతముగ నీ బేరములాడిన వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1 లక్షా 80 వేల కోట్ల రూపాయలకు మించినది. పరదేశీయులు దోచుకొనిపోయిన ధనమును గూర్చి దాదాభాయి నౌరోజీ నాడు లెక్కలు కట్టి లోకమునకు చాటెను. ఇది యెవ్వరును దోచుకొనిపోలేదు. మనమే తెచ్చి యిచ్చితిమి.

నష్టపోయినవారు తెలివిలేనివారా? అట్లనుటకు వీలులేదు. వారిలో పట్టభద్రులు గలరు, గణితము చదివినవారు గలరు. అమెరికాలో బార్బర్, ఓడియన్ అను ఆచార్యులు 1991 మొదలు 1996 వరకు 66 వేలకు పైబడిన కుటుంబముల వాటాబేరములను పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితమిది: విపణి మొత్తముమీద ఏటికి నూటికి 17.9 చొప్పున లాభము వచ్చిన కాలమున, అందఱికంటె తఱచుగ కొని యమ్మినవారికి 11.4 మాత్రమే దక్కినది. చేతులు కట్టుకొని కూర్చుండినచో వచ్చెడి లాభమును చేతులాడించి పోగొట్టుకొనిరన్నమాట. కానెమన్, ట్వెర్స్కీ యను మనశ్శాస్త్రజ్ఞులు 1979లోనే దీని మూలమును చూపియుండిరి. నూఱు రూపాయలు వచ్చిన సంతోషముకంటె నూఱు రూపాయలు పోయిన దుఃఖము మనుష్యునకు మిక్కిలి యధికము. అందుచేత లాభములోనున్న సరకును తొందరపడి అమ్మివేయును. నష్టములోనున్నదానిని, అమ్మినచో నష్టము నిశ్చయమగునను భయముచే, పట్టుకొని వ్రేలాడును. మొక్కను పెఱికి కలుపును పెంచు సేద్యమువంటి దీ వ్యాపారము.

అంతకంటె ఘోరమైనది పోయినదానిని వెంటనే తిరిగి రాబట్టుకొనవలెనను పట్టుదల. దీనిని గూర్చి మనకు మహాభారతముకంటె వేఱు గ్రంథ మక్కఱలేదు. సభాపర్వమున ధర్మరాజు ఒక్కమారు జూదమాడి యూరకుండలేదు. సర్వస్వము నోడి, ద్రౌపదికి ధృతరాష్ట్రుడిచ్చిన వరములచే విడుదలపొంది, ఇంద్రప్రస్థమునకు మరలిపోవుచుండగా రెండవ పిలుపు వచ్చినది. మరల వెళ్లెను. మొదటి జూదమును మర్యాదకొఱకు ఆడెనని సమర్థింపవచ్చును. రెండవదానికి మే మెట్టి సమర్థనమును కానలేకున్నాము. అరణ్యపర్వమున బృహదశ్వుడు నలుని కథ చెప్పి తుదకు ధర్మరాజునకు అక్షహృదయ మనెడి పాచికల విద్య నుపదేశించును. ఆ విద్య రాజ్యము పోయిన పిమ్మట అడవిలో లభించినది. మన యువకులును అక్షహృదయము నేర్చుకొనుచునే యున్నారు. పటములు గీయుచున్నారు, కొవ్వొత్తుల యాకారములను పేర్లు పెట్టి గుర్తించుచున్నారు. విద్య యున్నది. రెండవ పిలుపు వచ్చినపుడు కూర్చున్నచోటనుండి లేవకుండుటకు కావలసినది మాత్రము వేఱొకటి.

ఆ వేఱొకటి యేది? ఉద్రేకము గలిగిన క్షణమున ధైర్యము తెచ్చుకొందునని చెప్పువాని మాటను మేము నమ్మము. ఆ క్షణమున మనస్సే వాదియు, సాక్షియు, న్యాయాధిపతియు నగును. తీర్పు ముందే తెలిసినది. నిగ్రహ మనగా ప్రశాంతసమయమున తనపై తాను శాసనము చేసికొని, అశాంతసమయమున దానికి తలయొగ్గుట. గొప్ప సంగతిని చిన్నదానితో పోల్చుట అపచారముగ నెంచకుందురేని ఒక యుదాహరణ మిత్తుము. 1921-22 శీతకాలమున గుంటూరు మండలమున పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నులు కట్టుట మానియుండిరి. బార్డోలీలో శాసనోల్లంఘనమునకు సర్వము సిద్ధమై యుండెను. దేశమంతట ఉత్సాహము పొంగుచుండెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాయందు జనసమూహము పోలీసుఠాణాను తగులబెట్టి పోలీసులను చంపినది. గాంధీజీ ఉద్యమమును నిలిపివేసెను. చెఱసాలలోని నాయకులు సయితము మిక్కిలి నొచ్చుకొనిరి. ఆ నిర్ణయము సరియైనదా కాదా యని చరిత్రకారు లిప్పటికిని వాదించుచున్నారు. ఆ వాదములోనికి మేము దిగము. మాకు కావలసిన దింతే: అహింస తప్పినచో ఆగవలెనను నియమము ఉత్సాహము పొంగకముందే విధింపబడినది, పొంగిన యుత్సాహమును చూచి ఆ నియమము సడలింపబడలేదు.

కొను క్షణముననే, ధర యెంతకు పడినచో అమ్మివేయవలెనో కాగితముపై వ్రాసికొనుట ఈ వ్యాపారమున అట్టి నియమము. దీనిని స్టాప్‌లాస్ అందురు. పేరు పెక్కురెఱుగుదురు, పాటించువా రరుదు. ధర ఆ గీటును సమీపించినపుడు 'ఇంకొక్క దినము చూతము' అను మాట పుట్టును. గీటును క్రిందికి జరుపుదురు. మరల జరుపుదురు. గీటును జరుపువానికి గీటు లేనట్లే. ఇక నొక్కొక్క బేరమునకు ఎంత సొమ్మును అపాయమున కొప్పగింపవలెనను విషయము. ఇచట గణితము నిర్దయమైనది. నూఱు రూపాయలతో నారంభించి, ఒక్కొక్క బేరమున నున్న సొమ్ములో నూటికి ఒకటి మాత్రమే పోవునట్లు కట్టడి చేసికొన్నవాడు వరుసగ పది బేరములలో ఓడినను వానియొద్ద 90 రూపాయలు మిగులును. ప్రతిమారు నాలుగవ వంతు పోవునట్లు ఆడినవానికి అవే పది ఓటముల పిమ్మట 6 రూపాయలైన మిగులవు. సగము పోగొట్టుకొన్నవాడు మొదటి స్థితికి రావలెనన్న ఉన్నదానిని రెట్టింపు చేయవలెను. ఈ రెట్టింపు చేయవలెనను తొందరయే వానిని అరువుబేరమునకు ఈడ్చును.

లీవరేజి యను ఆ అరువుబేరమును గూర్చి మేము కఠినముగనే మాటలాడుదుము. చేతిలో 5 వేలుంచుకొని లక్ష రూపాయల బేరమాడనిచ్చు సదుపాయమిది. ధర నూటికి 5 పడినచో ఆ 5 వేలును హరించిపోవును. నీవు అమ్ముమన నక్కఱలేదు, యంత్రమే అమ్మివేయును. క్రిప్టో ధర నూటికి 5 మారుటకు ఒక దినమైన పట్టదు. 2025 అక్టోబరు 10వ తేదీని అమెరికా అధ్యక్షుడు చైనా సరకులపై నూటికి నూఱు అదనపు సుంకము విధింతునని ప్రకటింపగా, ఒక్క దినములో 1,900 కోట్ల డాలర్లకు మించిన అరువుబేరములు బలవంతముగ మూసివేయబడినవి. మనకు అది అర్ధరాత్రి దాటిన వేళ. నిద్రించినవాడు లేచి చూచునప్పటికి సర్వమును అయిపోయినది. మేలుకొనియున్నవాడును చేయగలిగినది స్వల్పమే. ఇచట ఆత్మనిగ్రహము పనికివచ్చు సమయము బేరములో దిగకముందు మాత్రమే. దిగిన పిమ్మట నిగ్రహమునకు అవకాశమే యుండదు. జీతముపై బ్రతుకువాడు అరువుబేరము జోలికి పోరాదనియే మా యభిప్రాయము. బంగారము కుదువబెట్టియో, వడ్డీకి తెచ్చియో, క్రెడిట్‌కార్డుపై గీచియో తెచ్చిన సొమ్ముతో ఏ బేరమైనను ఆడరాదని వేఱుగ చెప్పనక్కఱలేదనుకొందుము గాని, చెప్పవలసియే వచ్చుచున్నది. వడ్డీ నెలనెలకు పెరుగుచుండగా ప్రశాంతబుద్ధితో నిర్ణయము చేయగలవానిని మేమెచ్చటను చూచియుండలేదు.

ఓర్పును గూర్చియు ఒక మాట. ఎంత పడినను అమ్మక పట్టుకొనుటయే నిగ్రహమని చెప్పు సంప్రదాయ మొకటి ఈ వ్యాపారులలో ప్రబలినది. బిట్‌కాయిన్ విషయమున 2018లో పట్టుకొనియున్నవారు 2021లో లాభపడిరి, నిజమే. 2022 మే నెలలో టెరా సంస్థవారి లూనా నాణెమును పట్టుకొనియున్నవారి కేమైనది? ఏప్రిల్‌లో 100 డాలర్లకు పైబడిన ధర మే మధ్యకు ఒక పైసాకైన కొఱగానిదైనది. ఒకే ఓర్పు, రెండు ఫలములు. ఏల పట్టుకొనియున్నానో, ఏమి జరిగినచో విడిచెదనో చెప్పలేనివాని ఓర్పు మొండితనము. సత్యాగ్రహికిని మొండివానికిని గల భేదము మా పాఠకు లెఱుగనిది గాదు.

టెలిగ్రామ్ బృందములలో 'నేడిది కొనుడు, రేపు రెట్టింపగును' అని చెప్పువారి సంగతి యిట్టిదే. చెప్పువాడు ముందే కొనియుండును. నీవు కొనినపుడు వాడమ్మును. పరుని బుద్ధిని అద్దెకు తెచ్చుకొని కొన్నవాడు ఎప్పు డమ్మవలెనో తెలిసికొనుటకు మరల వానినే యాశ్రయింపవలెను. ఆ వేళకు వాడు పలుకడు. స్వబుద్ధితో చేసిన తప్పునుండి పాఠమైన మిగులును.

నిగ్రహము సర్వరోగనివారిణి యని మేము చెప్పబోము. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అను గొప్ప ఎక్స్ఛేంజి దివాలా తీసినది. దాని యధిపతికి 2024 మార్చిలో 25 సంవత్సరముల కారాగారశిక్ష విధింపబడినది. 2024 జూలై 18వ తేదీని మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగలపాలైనవి. ఖాతాదారుల సొమ్ము ఒక యేటికి పైగా చిక్కుపడియుండెను. వారిలో నియమము తప్పనివారును ఉండియుందురు. నియమ మెంత గట్టిదైనను ఇతరుల పెట్టెలో దాచిన సొమ్మునకు అది తాళము కానేరదు. పోయినను కుటుంబము కదలని మొత్తమునే ఈ విపణిలోనికి తీసికొనిపోవలెననుటకు ఇదియే గట్టి కారణము.

పన్ను సంగతి న్యాయశాస్త్రమునకు చెందినది గాని, నిగ్రహమునకును దానికిని దగ్గఱ చుట్టఱికము గలదు. 2022 బడ్జెటులో ఈ నాణెముల లాభముపై నూటికి 30 వంతున పన్ను విధింపబడినది. ఒక నాణెముమీది నష్టమును మఱియొక నాణెముమీది లాభములో తగ్గించుకొనుటకు వీలులేదని శాసించిరి. అనగా, ఒకదానిపై లక్ష లాభము, వేఱొకదానిపై లక్ష నష్టము వచ్చినవాడు తన చేతికి చిల్లిగవ్వ రాకున్నను సెస్సుతోకూడ 31,200 రూపాయలు చెల్లింపవలసియుండును. అదే సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమ్మకపు విలువపై నూటికి ఒకటి చొప్పున ముందుగనే మినహాయించు పద్ధతియు వచ్చినది. లక్ష రూపాయల పెట్టుబడిని ఏబదిమార్లు త్రిప్పినవాని అమ్మకములు 50 లక్షలు. మినహాయింపు 50 వేలు. పన్ను లెక్కలో అది జమయగును గాని అంతవరకు మూలధనములో సగము చేతిలో నుండదు. ఈ విధానము న్యాయమైనదని మేమనము. నష్టమును లెక్కింపక లాభమును మాత్రము లెక్కించుట విచిత్రమైన జమాఖర్చు. అట్లుండగ, గంటగంటకు కొని యమ్ముచు తాను సంపాదించుచున్నాననుకొను యువకునకు ఈ లెక్క తెలియదు, తెలిసికొన నిచ్చగింపడు.

ఇచ్చగింపకపోవుటయే రోగమునకు మూలము. మన వైశ్యకుటుంబములలో రాత్రి దుకాణము కట్టునపుడు చిట్టా వ్రాయక నిద్రపోవు ఆచారము లేకుండెను. వచ్చినది, పోయినది, ఎవరికి, ఎందులకు: నాలుగు పద్దులు. క్రిప్టో వ్యాపారియు అట్టి చిట్టా నొకటి పెట్టుకొనవలెను. యంత్రము వ్రాసిపెట్టునది చాలదు. ఏ ధరకు కొంటినను పద్దుతోపాటు ఏల కొంటిని, ఆ వేళ మనస్సెట్లున్నది, పూర్వదినమున నష్టము వచ్చియుండెనా యను పద్దులును స్వహస్తముతో వ్రాయవలెను. ఆఱు నెలలు నిజాయితీతో వ్రాసినవానికి మా యుపదేశముతో పని లేదు. కోపముతో చేసిన బేరములన్నియు ఒక పుటలో కనబడును. పెక్కుమంది ఆ పుటను చూచి ఈ విపణినుండి నిశ్శబ్దముగ వెలువడుదురని మా యూహ. కొందఱు నిలిచి వ్యాపారులగుదురు. ఏదియైనను తమ చేతివ్రాతను చూచి చేసిన నిర్ణయమగును.

ఆ చిట్టాను ఇంటిలో మఱియొకరు చదువవలెను. 1992లో నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడి రాష్ట్రమును కదలించిరి. త్రాగివచ్చినవాని తూలుడు వీధికంతటికి కనబడెడిది. ఈ మత్తు తూలదు, వాసన కొట్టదు. భర్త ఫోను చూచుచు కూర్చున్నాడని మాత్రమే భార్యకు తెలియును. కుమారుడు గదిలో చదువుకొనుచున్నాడని తల్లి యనుకొనును. అప్పులవాడు తలుపు తట్టునంతవరకు ఇల్లాలికి తెలియని వ్యాపారము, లాభము వచ్చినను, గృహస్థునకు తగినది గాదు.

పఠనమందిరముల కార్యకర్తలకు మా విన్నపమిది. వారమున కొక్క సాయంకాలము పద్దులు వ్రాయనేర్చినవారును, పన్నుల శాసనము తెలిసిన న్యాయవాదులును వచ్చి కూర్చుండునట్లు ఏర్పాటు చేయుడు. ఉపన్యాసము లక్కఱలేదు. ఈ వ్యాపారమున దిగినవారు వచ్చి తమ సంవత్సరపు లెక్కను వారి సహాయమున తేల్చుకొందురుగాక. ఫీజు లేదు, పేర్లు బయటికి పోవు. వచ్చువారు లాభము వచ్చిన బేరముల కాగితములను మాత్రమే గాక, నష్టము వచ్చినవానినిగూడ, ఒక్కటియు ఇంట విడువక, తీసికొని రావలయును.